పిచికారీ ద్రావకాలు – పురుషుల సంతాన సామర్థ్యం

చీరాల సమీపంలోని పర్చూరు, మార్టూరు నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప పైర్లపై పురుగుమందు పిచికారీ చేసేది సాధారణంగా పురుషులే. డబ్బాపై ‘ఇ.సి.’ అని ఉన్న మందులలో క్రియాశీల పదార్థాన్ని కరిగించడానికి జైలీన్ వంటి పారిశ్రామిక ద్రావకాలను వాడతారు. ఇవి చర్మంపై సహజంగా ఉండే కొవ్వును కరిగించి, విషం శరీరంలోకి చేరడాన్ని సులభతరం చేస్తాయి.

ప్రత్తి చేలలో పిచికారీ చేసే పురుషులపై ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో సంతాన సామర్థ్యం తగ్గినట్లు, వారి భార్యలలో గర్భస్రావాలు పెరిగినట్లు వెల్లడైంది.

జన్యువుల వరుస మారకుండానే, వాటి పనిని నియంత్రించే మిథైల్ గుర్తులు మారడం ఎపిజెనెటిక్ మార్పులలో ఒకటి. గర్భస్థ దశలో విన్‌క్లోజోలిన్ అనే శిలీంధ్రనాశినికి అధిక మోతాదులో గురైన ఎలుకల మగ సంతతిలో వీర్యకణ లోపాలు నాలుగు తరాల వరకు కొనసాగినట్లు 2005లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు. మానవులలో ఇంతటి రుజువు లేకున్నా, ముందుజాగ్రత్త అవసరం.

వీర్యకణాలు తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కావున సంతానం కోరేవారు కనీసం మూడు నెలల ముందు నుండే మందు కలపడం, పిచికారీ చేయడం మానుకోవడం మేలు. దినకూలీకి అది సాధ్యం కాకపోవచ్చు. అట్టివారు నైట్రైల్ చేతి తొడుగులు ధరించాలి, మందుతో తడిసిన బట్టలను వెంటనే విప్పి సబ్బుతో స్నానం చేయాలి. గర్భిణికి చెప్పే జాగ్రత్తలను కాబోయే తండ్రికి కూడా చెప్పడం విస్తరణ సిబ్బంది బాధ్యత.