పెరటి తోటకు స్థానిక మొక్కల ఎంపిక

బీర, కాకర, గుమ్మడి పాదులు ఏపుగా పెరిగి, పూలు విరివిగా పూచినప్పటికీ పిందెలు నిలువకపోవడం మీలో అనేకులు గమనించే ఉంటారు. ఎరువు చాలలేదని తలచి మరల ఎరువు కొంటారు. కాని ఈ పాదులలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటాయి. పుప్పొడిని మోసే తేనెటీగలు, ఇతర కీటకాలు రానిచో ఆడపువ్వు కాయ కాజాలదు. కనుక వాటికి ఆశ్రయమిచ్చే మొక్కలను పెంచడం ఆదాయానికి సంబంధించిన విషయమే.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్ వంటి నివాస ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ వర్షం అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకే కురుస్తుంది. వేసవి ఎండ తీవ్రమైనది. ఈ వాతావరణానికి అలవాటుపడిన స్థానిక మొక్కలు వేళ్లూనుకున్న పిదప తక్కువ నీటితో బ్రతుకుతాయి.

మొక్కను ఎంచుకునేటప్పుడు పువ్వును మాత్రమే చూడరాదు, ఆకును కూడా చూడాలి. సీతాకోకచిలుక ఏ పువ్వులోనైనా తేనె త్రాగవచ్చును. దాని గొంగళిపురుగు మాత్రం కొన్ని మొక్కల ఆకులనే తింటుంది. కరివేప, నిమ్మ, మారేడు, రేల అటువంటివి. ఆ పురుగులే పక్షిపిల్లలకు ఆహారం. తేనెటీగల కొరకు తులసి, అడ్డసరం, వావిలి నాటండి. కానుగ, ఇప్ప పెద్ద వృక్షాలు. వాటికి పొలం గట్టు అనువైనది.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి వచ్చిన లాంటానా పూలపై సీతాకోకచిలుకలు వాలుతాయి. అయినను అది అడవులలోకి వ్యాపించి స్థానిక మొక్కలను అణచివేస్తుంది. దాని ఆకు పశువులకు హానికరం. త్వరగా పెరుగుతుందని విరివిగా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ అటవీశాఖ 2023లో నిషేధించింది.

నర్సరీ వ్యాపారులకు ఒక సూచన. కరివేప గింజలను పండు నుండి తీసిన వెంటనే విత్తండి, ఆలస్యమైతే మొలకెత్తవు. రేల గింజల పైపొర గట్టిది. కొద్దిగా గీరి విత్తండి. పురుగుమందు అమ్మేవారు, పూలు విచ్చుకొని ఉన్న వేళ మందు చల్లవద్దని కొనుగోలుదారులకు తప్పక చెప్పాలి.

ఇటువంటి పెరటి తోటకు అప్పు చేయనవసరం లేదు. తొలకరికి నాలుగు మొక్కలతో ప్రారంభించండి. కరివేపాకును పురుగు కొరికినదని వెంటనే మందు చల్లకండి. ఒక మొక్కను వాటికి విడిచిపెట్టండి.