వయోజనులలో అవధాన లోపం

‘అవధానం’ అనగానే తెలుగువారికి పృచ్ఛకుల నడుమ చిత్తం చెదరని అవధాని స్ఫురిస్తాడు. ఆ నిలుకడ అందరికీ సమానంగా లభించదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే వైద్యుడు నిలుకడలేని బాలల స్థితిని తన ఉపన్యాసాలలో వర్ణించాడు. ఈ లోపం బాల్యానికే పరిమితమని చాలాకాలం భావించారు. కాని అనేకులలో అది పెద్దయ్యాక కూడా కొనసాగుతుంది. రూపం మాత్రం మారుతుంది.

బాల్యంలో తరగతిలో కుదురుగా కూర్చోలేనివాడు పెద్దయ్యాక కుర్చీలో కదలక కూర్చోవచ్చు. అశాంతి మనస్సులోనే మిగులుతుంది. తాళంచెవులు ఎక్కడో పెట్టి మరచిపోతాడు. గడువు దాటాక బిల్లు కడతాడు. ఒక పని ముగియకముందే మరొకటి ఆరంభిస్తాడు. ఇష్టమైన పనిలో మాత్రం గంటల తరబడి లీనమవుతాడు. అందువల్ల లోకం దీనిని సోమరితనమంటుంది. క్రమంగా అతడూ నమ్ముతాడు. బాలికలలో అల్లరి కంటే పరధ్యానమే ఎక్కువగా కనిపించడం వల్ల చాలామంది స్త్రీలకు వ్యాధి నిర్ధారణ ఆలస్యమవుతుంది.

మతిమరపు గల ప్రతివారికీ ఈ లోపమున్నట్లు కాదు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఇంటా బయటా జీవితానికి ఆటంకం కావాలి. ఔషధాలు, మానసిక చికిత్స, క్రమబద్ధమైన దినచర్య తోడ్పడతాయి. కనుక నిందించే ముందు మానసిక వైద్యుని సంప్రదించడం ఉచితం.