వడ్రంగి తరిమెనకు మోటారు

గొడ్డలి కామ, కొడవలి పిడి, మంచపు కోడు ఊరిలోనే తయారైనచో రైతునకు పట్నపు ప్రయాణము తప్పును. మీ ఊరి వడ్రంగి మోటారు పెట్టదలచినను, మీ బావి గట్టున మూలబడిన పాత మోటారును మీరే అతనికి ఇవ్వదలచినను ఈ సంగతులు గమనించండి.

నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. గుండ్ర రంపమునకు ఒకే వేగము చాలును. 12 అంగుళముల బిళ్ళకు మోటారుపై 6 అంగుళముల పుల్లీ, రంపపు ఇరుసుపై 3 అంగుళముల పుల్లీ వేసిన 2880 చుట్లు వచ్చును. బిళ్ళపై ముద్రించిన వేగమును మాత్రము మించరాదు.

తరిమెన సంగతి వేరు. కొయ్య అడ్డుకొలతను అంగుళములలో తీసికొని చుట్లతో గుణించిన 6000, 9000 నడుమ రావలెను. 3 అంగుళముల కోడునకు 2000 చుట్లు తక్కువ కాదు. 10 అంగుళముల దిమ్మెకు 900 మించరాదు. మించినచో దిమ్మె ఊడి పనివాని ముఖము మీదికే వచ్చును.

వేగము తగ్గించుటకు సింగిల్ ఫేజు మోటారుకు ఫ్యాను రెగ్యులేటరు తగిలింపకుడు. కెపాసిటరుతో బయలుదేరు మోటారులో వేగము బాగా పడిపోగానే లోపలి స్విచ్చి మూసుకొని స్టార్టింగు వైండింగు కాలిపోవును. ఇందుకు త్రీఫేజు మోటారు, దానికి వి.ఎఫ్.డి. అను డ్రైవు కావలెను. ఇంటి కరెంటుపై నడచు డ్రైవులు కలవు. కాని సాధారణముగా అవి త్రీఫేజులో 230 వోల్టులే ఇచ్చును. మోటారు పలకపై 415 వోల్టులు, స్టారు అని ఉండి ఆరు కొసలు బయటికి వచ్చినచో ఎలక్ట్రీషియనుచే డెల్టాకు మార్పించవచ్చును. 415 డెల్టా అని ఉన్నచో ఈ డ్రైవుపై పూర్తి బలము రాదు. పలక చదివిన పిమ్మటనే డబ్బు చెల్లించండి.

అసలు మాట ఒకటి కలదు. డ్రైవు వేగము తగ్గించునే గాని బలము పెంచదు. 1 హెచ్.పి. మోటారును సగము వేగమునకు దించిన అర హెచ్.పి. మాత్రమే దక్కును. అదే పుల్లీ మార్చి సగము చేసిన త్రిప్పుబలము రెట్టింపగును. కావున డ్రైవు వచ్చినదని మెట్ల పుల్లీని పాత ఇనుముకు వేయకుడు. పెద్ద దిమ్మెకు బెల్టును ముందు తక్కువ వేగపు మెట్టుకు మార్చి, పిదప డ్రైవుతో సరిచేయండి. మరీ నెమ్మదిగా చాలసేపు నడిపిన, మోటారు వెనుక ఫ్యాను కూడ నెమ్మదించి మోటారు వేడెక్కును.

రంపపు పొట్టు చొరని మూతగల మోటారునే ఎంచుకొనండి.

పంపుసెట్టు కనెక్షనుపై రంపము నడపరాదు. అది 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగము. రెట్టింపు రేటున వసూలు చేయుదురు. వడ్రంగి వేరు కనెక్షను తీసికొనవలెను.