చెవిలో హోరు

మన పండుగలకును మ్రోతకును విడదీయరాని చుట్టఱికము కలదు. శ్రీరామనవమి పందిటిలో నాదస్వరము వినబడవలెను. బోనాల జాతరలో డప్పు మ్రోగవలెను. దీపావళినాడు టపాకాయలు ప్రేలవలెను. పెండ్లిలో మంగళసూత్రధారణ సమయమున పెద్దలు "గట్టిమేళము!" అని కేక వేయుదురు. ఆ క్షణమున డోలు, సన్నాయి ఒక్కసారిగా చెలరేగి, అశుభమైన మాట యేదియు చెవిని పడకుండ చేయునని మనవారి నమ్మకము. మ్రోతలేని పండుగ మనకు ఉప్పులేని పప్పువలె తోచును.

అయితే ఈ మ్రోత మేర దాటినచో చెవికి కీడు కలిగించును. ఆ కీడు కలుగునపుడు మనకు తెలియదు. తెలిసిన పిమ్మట అది తీఱదు. కావున దానిని ముందుగనే ఎఱిగి మెలగుట మేలు. ఈ సంగతి నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. ఎట్లు నేర్చుకొంటినో మొదట చెప్పెదను.

2009వ సంవత్సరమున నేనొక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. ఆ యేటి వార్షికోత్సవమునకు పెద్ద స్పీకరు పెట్టెలను తెప్పించితిని. క్రిందటి యేడు వెనుక వరుసలవారికి పాటలు సరిగా వినబడలేదని కొందఱు తల్లిదండ్రులు అనియుండిరి. వేదికకు ఇరుప్రక్కల మనిషియెత్తున పెట్టెలు నిలిచినవి. చిన్న తరగతుల పిల్లలను వాని యెదుట, ముందు వరుసలలో, నేలపై కూర్చుండబెట్టితిమి. పాట మొదలైన వెంటనే పలువురు పిల్లలు రెండు చేతులతో చెవులు మూసికొనిరి. ముఖ్య అతిథి చూచుచుండగా అది మర్యాద కాదని తలచి, వేదికపైనుండి "చేతులు దించుడు!" అని గద్దించితిని. వారు దించిరి. మూడు గంటలు అట్లే కూర్చుండిరి.

ఆ రాత్రి ఇంటికి పోయి పరుండగా నా కుడిచెవిలో కీచురాయి కూసినట్లు సన్నని ధ్వని వినబడెను. పెరటిలో పురుగు కాబోలునని లేచి కిటికీ మూసితిని. ధ్వని ఆగలేదు. తెల్లవాఱినను ఆగలేదు. నేటివఱకును అది మ్రోగుచునే యున్నది. వేదికపై నా కుర్చీ కుడివైపు పెట్టెకు మిక్కిలి చేరువలో నుండుటయే దీనికి కారణమై యుండునని వైద్యులు చెప్పిరి. నేనైతే పెద్దవాడను, నా కుర్చీని నేను జరుపుకొనగలిగియుంటిని. నా మాటకు లోబడి చేతులు దించిన ఆ పిల్లలలో ఎవరి చెవి యేమైనదో నేనెఱుగను. ఈ పాఠము వ్రాయుటకు ఆ చింతయే ముఖ్యకారణము.

వెలుపల ధ్వని లేకున్నను చెవిలోగాని తలలోగాని ధ్వని వినబడుటను కర్ణనాదమందురు. వైద్యశాస్త్రమున దీనికి టిన్నిటస్ అని పేరు. ఇండ్లలో చెవిహోరు అందురు. ఒకరికి అది కీచురాయి కూతవలె, మఱియొకరికి ఈలవలె, ఇంకొకరికి శంఖమును చెవికడ ఉంచుకొన్నప్పటి హోరువలె వినబడును. ఇది తనంత తానొక వ్యాధి కాదు. లోపలి మార్పును తెలుపు లక్షణము. చెవిలో గుబిలి గట్టిపడుట, వార్ధక్యము, కొన్ని ఔషధములు, కొన్ని చెవిజబ్బులు దీనికి కారణములు కావచ్చును. పెద్ద మ్రోత వానిలో ముఖ్యమైనది.

ఈ హోరు ఎట్టిదో సంగీతముననే చూపిన మహానుభావుడొకడు కలడు. చెక్ దేశపు సంగీతకర్త బెద్రిఖ్ స్మెతనా 1874లో వినికిడి కోల్పోయెను. ఆయన చెవిని చెఱచినది మ్రోత కాదు, వ్యాధి. 1876లో ఆయన నాలుగు తంత్రీవాద్యములకై ‘నా జీవితమునుండి’ అను కృతిని రచించెను. దాని చివరి భాగము ఉల్లాసముగా సాగుచుండగా, హఠాత్తుగా ఒక వయొలిన్ పైస్థాయి స్వరమునొకదానిని పట్టి విడువక నిలుచును. అది తన చెవిలో మ్రోగిన నాదమని ఆయనయే తెలిపెను. చెవిలో హోరు లేనివారును ఆ స్వరమును విని దాని బాధను కొంత ఊహింపగలరు.

మ్రోత చెవిని ఎట్లు చెఱచునో తెలియుటకు చెవి నిర్మాణమును కొంత ఎఱుగవలెను. మనకు కనబడు చెవి దొప్ప ధ్వనిని పోగుచేసి లోనికి పంపును. లోపల కర్ణభేరి అను పలుచని పొర కంపించును. ఆ కంపనమును మూడు చిన్న ఎముకలు అందుకొని లోపలి చెవికి చేర్చును. వానిలో మూడవదియైన అంకవన్నె ఆకారపు ఎముక మన శరీరములోని ఎముకలన్నిటికంటె చిన్నది. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న భాగమొకటి కలదు. దానిని కోక్లియా అందురు. అందు ద్రవము నిండియుండును. ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణములు బారులుతీఱి యుండును. ద్రవము కదలినపుడు ఈ కణముల తలలపై నున్న సూక్ష్మరోమములు వంగును. ఆ వంపే విద్యుత్సంకేతమై శ్రవణనాడి ద్వారా మెదడును చేరును.

వరిచేనిని తలచుకొనుడు. పిల్లగాలి వీచినపుడు పైరు వంగి మరల లేచును. పెనుగాలి వీచినపుడు పడిపోవును. రోమకణముల పనియు అట్టిదే. కొలదిపాటి మ్రోతకు అలసిన కణములు విశ్రాంతి నొంది కోలుకొనవచ్చును. పెద్ద మ్రోతకు గాని, దీర్ఘకాలపు మ్రోతకు గాని గుఱియైనవి నశించును. వరి మరుసటి పంటకు మొలచును గాని మన రోమకణములు మరల మొలవవు. కోడి మొదలగు పక్షులలో నశించిన రోమకణములు తిరిగి పుట్టును. మనుష్యులకు ఆ భాగ్యము లేదు. చెవినుండి రావలసిన సంకేతములు తగ్గినపుడు మెదడు ఆ లోటును పూరించుటకై తన గ్రహణశక్తిని పెంచుకొనుననియు, ఆ యత్నమునుండియే హోరు పుట్టుననియు పలువురు శాస్త్రజ్ఞులు భావింతురు.

ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుతురు. టెలిఫోనుతో ప్రఖ్యాతుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరుమీదుగా ఈ కొలమానమునకు ఆ నామము వచ్చినది. ఇది మామూలు లెక్కవంటిది కాదు. 10 డెసిబెల్లు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. 20 పెరిగినచో నూఱురెట్లగును. 3 పెరిగినచో రెట్టింపగును. అందుచే ధ్వని 3 డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల చెవి దానిని ఓర్వగల కాలము సగమగును. అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ శ్రామికుల కొఱకు ఈ లెక్కనే గైకొన్నది. దాని ప్రకారము 85 డెసిబెల్లలో దినమునకు 8 గంటలు, 88లో 4 గంటలు, 94లో ఒక గంట, 100లో 15 నిమిషములు మాత్రమే ఉండవచ్చును. నాడు మా పిల్లలు కూర్చున్నది మూడు గంటలని మీకు జ్ఞాపకముండును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీతసభలకును ఉత్సవస్థలములకును కొన్ని నియమములను సూచించినది. 15 నిమిషముల సగటు ధ్వని 100 డెసిబెల్లు మించరాదనియు, వచ్చినవారికి చెవిబిరడాలు అందుబాటులో నుంచవలెననియు, చెవులకు విశ్రాంతి నిచ్చుటకు నిశ్శబ్దమైన చోటొకటి ఏర్పఱుపవలెననియు అందు కలదు. ఇది అందఱి కొఱకు చెప్పిన మేర. చెవిహోరు కలవారు అంతకంటె తక్కువతోనే తృప్తిపడుట మంచిది.

కొలిచెడు సాధనము చేత లేకున్నను ఒక సులభమైన పరీక్ష కలదు. చేయి చాచినంత దూరములో నున్న మిత్రునితో మాటలాడుటకు కేక వేయవలసివచ్చినచో, అచ్చటి మ్రోత చెవికి ప్రమాదకరమైనదని గ్రహింపవలెను.

అట్లయిన పండుగలు మానుకొనవలెనా? నేను మొదట అట్లే తలచితిని. రెండేండ్లు నవమి పందిటికి పోనైతిని. పెండ్లి పిలుపులు వచ్చినను ఇంటనే తలుపులు మూసికొని కూర్చుంటిని. దానివలన మేలు కలుగలేదు. ఇల్లు నిశ్శబ్దమైనకొలది లోపలి కీచురాయి మఱింత గట్టిగా కూయసాగెను. చీకటి గదిలో చిన్న దీపము పెద్దదిగా తోచునట్లు, నిశ్శబ్దములో హోరు పెద్దదిగా తోచును. వైద్యుడు నన్ను మందలించి, "మ్రోతనుండి చెవిని కాపాడుకొనవలెను, లోకమునుండి కాదు" అని చెప్పెను. పిమ్మట నాలుగు ఉపాయములు నేర్పెను. అవి మీకును పనికివచ్చును.

మొదటిది దూరము. ఆరుబయట ఒకచోటనుండి వచ్చు ధ్వని, దూరము రెట్టింపైనపుడు సుమారు 6 డెసిబెల్లు తగ్గును. 5 మీటర్ల కడ 100 డెసిబెల్లు ఉన్నచో 10 మీటర్ల కడ 94 ఉండును. పై లెక్కప్రకారము 15 నిమిషముల వ్యవధి గంటయగును. నాలుగడుగులు వెనుకకు వేయుటకు కాసు ఖర్చు లేదు. స్పీకరునకు ఎదురుగాను దాని చెంతను ఎన్నడును నిలువరాదు.

రెండవది కాలము. ఊరేగింపు వెంట ఆసాంతము నడువక కొంతసేపు చూచి ఇవతలికి రావలెను. కచేరీలో నడుమ నడుమ లేచి నిశ్శబ్దమైన చోట కొంతసేపు గడపవలెను.

మూడవది కప్పు. నురుగుతో చేసిన చెవిబిరడాలు మందుల అంగళ్లలో స్వల్పమూల్యమునకు దొరకును. బిరడాను వ్రేళ్ల నడుమ సన్నని వత్తివలె నలిపి, రెండవచేతిని తలమీదుగా తెచ్చి చెవిదొప్పను పైకిని వెనుకకును లాగి, బిరడాను లోపల పెట్టి, అది ఉబ్బువఱకు అరనిమిషము అదిమి పట్టవలెను. సగము బయట వ్రేలాడు బిరడా సగము పనియు చేయదు. దూదియుండ ఈ పనికి చాలదు. సంగీతమును మందగింపజేసియు స్వరభేదమును చెఱపని ప్రత్యేకమైన బిరడాలును కలవు. గాయకులును వాద్యకారులును వానిని వాడుదురు. పసిపిల్లలకు చెవులను పైనుండి కప్పు దొప్పలు తగినవి.

నాలుగవది విశ్రాంతి. మ్రోతలో నుండి వచ్చిన పిమ్మట చెవులలో హోరు గాని దిబ్బడ గాని కలిగినచో అది హెచ్చరిక. ఆ రాత్రి మరల పాటలు చెవిలో పెట్టుకొని వినరాదు. హోరు మఱునాటికి తగ్గకున్నను, ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినను, ఆలసింపక చెవి వైద్యునికడకు పోవలెను. నూనె పోయుట, పుల్లలు పెట్టుట కూడదు.

ఇక్కడ మఱియొక మాట చెప్పవలెను. బిరడాలు మ్రోత యున్నచోటనే వాడదగినవి. హోరునకు వెఱచి ఇంటను బడిలోను దినమంతయు పెట్టుకొన్నవానికి మామూలు ధ్వనులే భరింపరానివి యగును. వాన మండువెళ్లగానే గొడుగు ముడుచుకొనునట్లు, మ్రోత తీఱగానే బిరడా తీసివేయవలెను.

టపాకాయల సంగతి వేఱు. వానికి దూరమే మందు. పేలుచోటునుండి 4 మీటర్ల దూరమున 125 డెసిబెల్లకు మించిన మ్రోత చేయు టపాకాయలను మనదేశమున 1999లో నిషేధించిరి. ఆ మేరకు లోబడినదైనను చెవిచెంత పేలినచో ఒక్క క్షణముననే హాని కలుగవచ్చును. చేతితో పట్టి కాల్చుట, తోడివాని వెనుక చాటుగా పేల్చి నవ్వుట వినోదములు కావు.

చట్టమును మనకు తోడున్నది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఆరుబయట మైకులు వాడరాదు. పండుగలకై సంవత్సరములో 15 దినములకు మించకుండ, అర్ధరాత్రివఱకు ప్రభుత్వము సడలింపు ఇయ్యవచ్చును. ఆస్పత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లకు తగ్గని ప్రదేశమును ప్రభుత్వము నిశ్శబ్దమండలముగా ప్రకటింపవచ్చును. అయినను ప్రతిచోటికి రక్షకభటుడు రాలేడు. పందిరి వేసినవాని వివేకమే మొదటి చట్టము.

మూడవయేట నేను మరల నవమి పందిటికి పోయితిని. వెనుక వరుసలో, పందిటి రాటకడ కూర్చుంటిని. చెవులలో బిరడాలుండెను. నాదస్వరము మొదలయ్యెను. స్వరములన్నియు తిన్నగా వినబడినవి, బాధ కలుగలేదు. వాద్యము సాగినంతసేపు నా కీచురాయి ఊరకుండెను. ఇంటికి వచ్చిన పిమ్మట అది మరల కూసెను గాని ఎప్పటికంటె హెచ్చుగా కాదు. రెండేండ్లు వృథాగా పోగొట్టుకొంటిని గదా యని విచారించితిని.

బాలబాలికలారా! మీరు పెద్దవారై పందిళ్లు వేయుదురు, ఉత్సవములు జరుపుదురు. మీలో కొందఱు ఉపాధ్యాయులును అగుదురు. అపుడు ముందు వరుసలో ఒక బిడ్డ చెవులు మూసికొని కనబడినచో ఆ చేతులను దించుమని చెప్పకుడు. ధ్వనిని దించుడు.