బ్రౌజరుకు దొంగ చిరునామా

"మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చునా?" అని వెబ్‌సైటు అడగడమే తడవు "సరే" అని నొక్కేసేవాళ్ళే మనలో ఎక్కువ. ఆ నొక్కుతో ఏం జరుగుతుంది? బ్రౌజరు ఫోనులోనైతే జీపీఎస్‌ను, కంప్యూటరులోనైతే చుట్టుపక్కల వైఫై పరికరాల గుర్తులను ఆధారం చేసుకొని అక్షాంశ రేఖాంశాలను వెబ్‌సైటుకు అందజేస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. కనుక దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె విలువ దాదాపు 11 మీటర్లు! జీపీఎస్ బాగా అందితే, ఏ ఊళ్ళో ఉన్నారన్నదే కాదు, హాస్టలుకు ఏ వైపున ఉన్నారో కూడా తెలిసిపోతుందన్నమాట.

అయితే ఈ జవాబును మనమే కల్పించి ఇవ్వవచ్చును. కంప్యూటరులో క్రోమ్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఐ మీటలు కలిపి నొక్కితే డెవలపర్ టూల్స్ వస్తాయి. అందులో మూడు చుక్కల మెనూలో "మోర్ టూల్స్", ఆ లోపల "సెన్సార్స్". అక్కడ ముంబయి, టోక్యో వంటి నగరాలు సిద్ధంగా ఉంటాయి. "అదర్" ఎంచుకొని మన అంకెలు మనమే వేయవచ్చు. పేజీని మళ్ళీ లోడు చేస్తే సరి. ఆ టూల్స్ మూసేస్తే అసలు చోటే మళ్ళీ వస్తుంది.

దీని అసలు ప్రయోజనం పరీక్షలోనే ఉంది. దగ్గరలోని బస్ స్టాపు చూపే పేజీ ఒకటి తయారుచేశాం అనుకోండి. పరీక్షించడానికి ఆదిలాబాదు, తిరుపతి తిరగలేం గదా! 17.73, 83.32 అని వేస్తే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిసరాలు రావాలి. ప్రోగ్రాములో ఆ రెంటినీ తారుమారు చేశామా, స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతాం! నవ్వులాటకు కాదు, జియోజేసన్ పద్ధతిలో రేఖాంశమే ముందు రాస్తారు గనుక ఈ పొరపాటు తరచు జరిగేదే. అదే జాబితాలో "లొకేషన్ అన్‌అవైలబుల్" కూడా ఉంది. చోటు తెలియనప్పుడు మన పేజీ మర్యాదగా ఊరి పేరు అడుగుతుందా, తెల్లమొహం వేస్తుందా అన్నది చూడకుండా ప్రాజెక్టు సమర్పించరాదు.

ఇక గోప్యత మాట. ఇక్కడ కొందరు మిత్రులు అతిగా ఆశపడుతున్నారు. మనం మార్చింది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మాత్రమే. మన ఐపీ అడ్రసు వెబ్‌సైటుకు కనబడుతూనే ఉంటుంది, దాన్నిబట్టి ఏ ప్రాంతమో ఉజ్జాయింపుగా పట్టేయవచ్చు. దాన్ని మరుగుపరచాలంటే వీపీఎన్ వంటిది వేరే కావాలి. ఫోనులోని హాజరు యాప్‌కైతే ఈ కిటుకుతో సంబంధమే లేదు, ఆశ వదులుకోండి! నిజంగా చోటు చెప్పడం ఇష్టంలేకపోతే అబద్ధం కన్నా "వద్దు" అనడమే సులభం. ఇదివరకు "సరే" అన్న సైట్ల జాబితా బ్రౌజరు సెట్టింగుల్లో ఉంటుంది. అక్కరలేనివాటిని అక్కడే తీసివేయవచ్చును.