నీళ్ల పనిలో నిలకడైన ఉపాధి

విశాఖ శివార్లలోని దువ్వాడ, కూర్మన్నపాలెం, వడ్లపూడి కుర్రాళ్ల చూపు చదువు కాగానే స్టీల్ ప్లాంటు మీద, ఆ తర్వాత సెజ్ కంపెనీల మీద పడుతుంది. అక్కడ ఖాళీలు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇళ్లలో నీళ్ల పనికి ఆ ఎదురుచూపు లేదు. పైపు ఎప్పుడు కారినా ప్లంబర్ కావాల్సిందే. పార్టు మార్చడం చాలామందికి వచ్చు. తప్పు ఎక్కడుందో పట్టుకున్నవారికే రెండోసారి ఫోన్ వస్తుంది. ఈ పనిలో ఎదుగుదలంతా ఆ నైపుణ్యం మీదే ఆధారపడి ఉంది.

గీజర్ దగ్గర మొదలుపెట్టండి

గీజర్ పనిలో నీళ్లు, కరెంటు, గోడ బలం మూడూ చూసుకోవాలి. నీళ్లు వేడెక్కడం లేదనగానే కొత్తది కొనమనకండి. ఎలిమెంట్, థర్మోస్టాట్, థర్మల్ కటౌట్‌లలో ఏది పోయినా దాన్ని మారిస్తే చాలు. లోపలి ట్యాంకే తుప్పుపట్టి కారుతుంటే మాత్రం గీజర్ మార్చక తప్పదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఎలిమెంట్ మీద సున్నపు పొర పేరుకుంటుంది. ట్యాంకులోని మెగ్నీషియం రాడ్ తాను కరుగుతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. అది అరిగినప్పుడే మారిస్తే ట్యాంకు ఎక్కువ కాలం మన్నుతుంది.

మార్చేటప్పుడు వరుస తప్పకూడదు. ఎంసీబీ ఆపాలి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకోవాలి. నీళ్ల వాల్వ్ కట్టి, ట్యాంకు ఖాళీ చేశాకే గీజర్‌ను దించాలి. 15 లీటర్ల గీజర్‌లో నీళ్ల బరువే 15 కిలోలు. కొత్తది బిగించాక వేడినీళ్ల ట్యాప్‌లోంచి ధార ఆగకుండా వచ్చేదాకా నింపి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకుకు కరెంటిస్తే ఎలిమెంట్ కాలిపోతుంది. సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని మూసేయడం ప్రాణాలమీదికి తెస్తుంది. వేడినీళ్లకు సీపీవీసీ లాంటి వేడిని తట్టుకునే పైపే వాడాలి, మామూలు యూపీవీసీ పనికిరాదు. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టమంటే ఒప్పుకోకండి. దాన్నుంచి వెలువడే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కొనేముందు ఇంటివాళ్లు మీ సలహా అడుగుతారు. 2 కిలోవాట్ల ఎలిమెంట్ 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 18 నిమిషాలు పడుతుంది. 25 లీటర్లకైతే అరగంట. ఈ లెక్క చెప్పగలిగితే మీ మాటకు విలువ పెరుగుతుంది.

రోజూ వచ్చే పనులు

ట్యాప్ కారితే వాషర్ లేదా కార్ట్రిడ్జ్ చూడండి. ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారుతుంటే ఫ్లోట్ వాల్వ్, అడుగు వాషర్ చూడండి. ఒక్క ట్యాప్‌లోనే ధార తగ్గితే ముందు దాని మూతి దగ్గరి జాలీ కడగండి. గోడ చెమ్మగిల్లితే వెంటనే పగలగొట్టకండి. ఒక్కో వాల్వ్ కట్టి చూస్తే ఏ లైను కారుతోందో తెలుస్తుంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. పదో తరగతి పాసైనవారు చేరొచ్చు. ఏ ఐటీఐలో సీట్లున్నాయో అడ్మిషన్ల సమయంలో కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో వాకబు చేయండి. తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో శిక్షణ పొందొచ్చు. కొత్త వైరింగ్ పని చేయాలంటే వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. అది లేనంతకాలం ఆ పనిని పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

కోర్సు కాగానే సొంతంగా దిగకుండా అనుభవమున్న మేస్త్రీ దగ్గర కొంతకాలం పనిచేయండి. వెళ్లిన ప్రతి ఇంట్లో ఏం చెడింది, ఎందుకు చెడింది, ఏం మార్చారు అన్నది నోటుబుక్కులో రాసుకోండి. పని మొదలుపెట్టకముందే ఖర్చు చెప్పండి. తీసేసిన పాత పార్టును ఇంటివాళ్లకు చూపించండి. గల్ఫ్ అవకాశం వస్తే ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లండి. ఇక్కడే ఉంటామంటే అపార్ట్‌మెంట్ల నిర్వహణ కాంట్రాక్టుల దాకా ఎదగొచ్చు. ఈ పనిలోకి అమ్మాయిలూ ధైర్యంగా రావాలి. పగలు ఆడవాళ్లే ఉండే ఇళ్లలో మహిళా ప్లంబర్ వస్తే వాళ్లకు ఎంతో నిశ్చింత.