పాల సంఘంలో కరెంటు మోటారు: ముందుజాగ్రత్త పాఠం

సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మరమ్మతుల పద్దులో మాకు తరచుగా ఎదురయ్యే వోచరు ఒకటి ఉంది: "మోటారు కాలిపోయినందున రివైండింగు చార్జీలు." దానికి రసీదు ఉంటుంది, సంతకాలుంటాయి, పాలకవర్గ తీర్మానం నంబరు కూడా ఉంటుంది. లేనిదల్లా ఒక్కటే, మోటారు ఎందుకు కాలింది అన్న మాట. కారణం తెలుసుకోని చోట అదే మోటారు పేరిట అదే వోచరు మళ్ళీ వస్తుంది.

మోటారు కాలడం తలరాత కాదు. చాలా సందర్భాలలో అది కాలడానికి ముందు కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు, తన బాధను చెప్పుకుంటూనే ఉంటుంది. వినే అలవాటు మనకు ఉండాలి. ఈ పాఠం ఉద్దేశం అదే.

1. నష్టం ఎవరిది?

పొదుగు నుంచి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు దించితేనే సూక్ష్మజీవులు పెరగకుండా నిలుస్తాయి. ఈ పని చేసేది కూలరు. కూలరును నడిపేవి మోటార్లు. కంప్రెసరుకు ఒకటి, కండెన్సరు ఫ్యానుకు ఒకటి, పాలు కలియబెట్టే గరిటెకు ఒకటి, పాల పంపుకు ఒకటి. వీటిలో ఏది ఆగినా పాలకు ముప్పే.

ఒక లెక్క వేసి చూద్దాం. కూలరులో 2,000 లీటర్ల పాలున్నాయి, లీటరు 40 రూపాయలు అనుకుందాం. ఒక వేసవి రాత్రి మోటారు కాలి పాలు విరిగితే 80,000 రూపాయలు పోయినట్లే. రివైండింగు బిల్లు దాని పక్కన చిన్నది. పెద్ద నష్టం వోచరులో కనపడదు. ఏడాది చివర బోనసు తగ్గినప్పుడు ప్రతి సభ్యుని ఇంటికీ అది చేరుతుంది. కనుక మోటారు సంగతి కార్యదర్శిది, ఎలక్ట్రీషియనుది మాత్రమే అనుకోరాదు.

2. మోటారు ఎందుకు కాలుతుంది?

మోటారు లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. తీగకు తీగకు మధ్య పలుచని వార్నిషు పొర అడ్డుగా ఉంటుంది. దీనినే ఇన్సులేషను అంటారు. దీనికి మొదటి శత్రువు వేడి. ఉండవలసిన వేడికన్నా 10 డిగ్రీలు ఎక్కువగా ఎప్పుడూ నడుస్తూ ఉంటే ఇన్సులేషను ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఆ వేడి పుట్టే దారులు ఇవి:

ఒక ఫేజు పోవడం: మూడు ఫేజులలో ఒకటి పోయినా, నడుస్తున్న మోటారు ఆగదు. మిగిలిన రెండింటి మీదే భారమంతా మోస్తుంది. నిండు భారంలో ఉంటే ఆ రెండు తీగలలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. రక్షణ లేకపోతే కొద్ది నిమిషాలలో చుట్ట కాలుతుంది.

ఫేజుల మధ్య వోల్టేజి తేడా: పానెల్ మీద సెలెక్టరు స్విచ్ తిప్పుతూ మూడు రీడింగులు చూడండి. 415, 410, 390 వచ్చాయనుకుందాం. సగటు 405. సగటుకు అన్నిటికన్నా దూరంగా ఉన్నది 390, తేడా 15. అంటే 3.7 శాతం. ఈ శాతాన్ని దానితోనే హెచ్చించి, రెట్టింపు చేస్తే మోటారు వేడి పెరుగుదల ఎంత శాతం ఎక్కువవుతుందో సుమారుగా తెలుస్తుంది. ఇక్కడ అది 27 శాతం. చూపుకు చిన్న తేడా, చుట్టకు పెద్ద బాధ. తేడా 1 శాతం లోపు ఉండడం మంచిది. 5 శాతం దాటితే మోటారు నడపరాదు.

గాలి ఆడకపోవడం: మోటారు వెనుక ఫ్యాను మూత మీద దుమ్ము, గడ్డి నలుసులు పేరుకుంటే లోపలి వేడి బయటికి పోదు. కండెన్సరు రేకుల మధ్య దుమ్ము పట్టినా అంతే. గ్యాసు ఒత్తిడి పెరిగి కంప్రెసరు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది.

తడి: పాల కేంద్రంలో నీళ్ళు తప్పవు. కూలరు కడిగేటప్పుడు గొట్టంతో నేరుగా గరిటె మోటారు మీద నీళ్ళు కొట్టడం మేము చాలాచోట్ల చూశాము. కాస్టిక్ సోడా కలిసిన నీళ్ళయితే మరీ చెరుపు.

బేరింగులు అరగడం: గ్రీజు లేక ఎండినా, అవసరానికి మించి కూరినా బేరింగు వేడెక్కుతుంది. అరిగిన బేరింగుతో రోటరు కిందికి జారి స్టేటరును రాసుకుంటుంది.

3. కాలిన చుట్ట చెప్పే సాక్ష్యం

మోటారు కాలినప్పుడు దానిని వెంటనే రివైండింగు షాపులో దించి వచ్చేయకండి. విప్పేటప్పుడు పాలకవర్గ సభ్యుడొకరు దగ్గర ఉండి చూడవలెను.

చుట్టలన్నీ ఒకే తీరుగా నల్లబడి ఉంటే భారం ఎక్కువైందనో, గాలి ఆడలేదనో అర్థం. కొన్ని చుట్టలు నల్లగా మాడి, మిగిలినవి కొత్తవాటిలా ఉంటే ఫేజు పోయిందని అనుమానించాలి. స్టార్ కనెక్షనులో రెండు ఫేజుల చుట్టలు కాలి ఒకటి మిగులుతుంది. డెల్టాలో ఒకటి కాలి రెండు మిగులుతాయి. ఒకేచోట చిన్న మచ్చలా కాలి ఉంటే అక్కడ ఇన్సులేషను దెబ్బతిన్నదన్న మాట. తడి చేరిందా అని అడగాలి. స్టేటరు లోపలి ఇనుము మీద గీరిన గుర్తులుంటే తప్పు బేరింగుది.

ఈ కారణాన్ని షాపువారి చేత బిల్లు మీదనే రాయించవలెను. కారణం లేని బిల్లును పాలకవర్గం ఆమోదించరాదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే రెండోసారి వచ్చే వోచరు చాలావరకు ఆగుతుంది.

4. ఎప్పుడు ఏమి చూడాలి?

రోజూ, రెండు పూటలా: మూడు ఫేజుల వోల్టేజి, ఆంపియర్లు చూసి రాయాలి. ఆంపియర్లు మోటారు నేమ్‌ప్లేటు మీద ఉన్న అంకె దాటరాదు. శబ్దం వినాలి. నిన్న లేని గరగర, కీచుమోత, అదురు ఈ రోజు ఉంటే అది వార్తే. మాడిన వాసన వస్తే వెంటనే ఆపాలి. చేయి పెట్టి వేడి చూసి నిర్ణయించడం సరికాదు. నేటి మోటార్లు సక్రమంగా నడిచేటప్పుడు కూడా చేయి నిలవనంత వేడిగా ఉండవచ్చు. దూరం నుంచి వేడి చూపే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి సంఘం కొనుక్కుంటే రోజూ ఒకేచోట చూసి, నిన్నటి అంకెతో పోల్చవచ్చు.

వారానికి ఒకసారి: మెయిను ఆపి, మోటారు ఫ్యాను మూత, కండెన్సరు రేకులు మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. పునాది బోల్టులు వదులయ్యాయేమో చూడాలి. కడిగే ముందు మోటారుకు ప్లాస్టిక్ కాగితం కప్పడం మంచిదే, కాని నడిపే ముందు దానిని తీయడం మరవరాదు.

నెలకు ఒకసారి: బెల్టుతో నడిచే కంప్రెసర్లున్న శీతలీకరణ కేంద్రాలలో బెల్టు బిగువు చూడాలి. రెండు పుల్లీల మధ్య దూరం 1 మీటరు ఉంటే, నడుమ నొక్కినప్పుడు బెల్టు సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే బేరింగు పోతుంది, వదిలితే బెల్టు జారి కాలుతుంది. జతలో ఒక బెల్టు తెగినా అన్నిటినీ కలిపి మార్చాలి. కొత్తదీ పాతదీ కలిపితే భారమంతా కొత్త బెల్టు మీదే పడుతుంది.

ఆరు నెలలకు, వర్షాలకు ముందూ తర్వాతా: లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత స్టార్టరు, టెర్మినల్ పెట్టె విప్పించాలి. బల్లులు, చీమలు చేరకుండా కేబులు రంధ్రాలు మూయించాలి. వదులైన స్క్రూలు బిగించి, మాడిన కాంటాక్టులు మార్పించాలి. 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషను చూపించాలి. నేటి మోటార్లకు 5 మెగోములకు తగ్గితే ఆరబెట్టి మళ్ళీ చూడాలి. ఏటేటా అంకె పడిపోతూ వస్తే, పరిమితికి పైన ఉన్నా జాగ్రత్త పడాలి.

గ్రీజు విషయం: రెండు పక్కలా మూతలున్న సీల్డు బేరింగులకు గ్రీజు పెట్టనక్కరలేదు. పెట్టవలసిన వాటికి తయారీదారు చెప్పిన రకం, చెప్పినంతే పెట్టాలి. రెండు రకాల గ్రీజు కలపరాదు.

గ్రామ కేంద్రాలలోని కూలర్లలో చాలావాటికి కంప్రెసరు మోటారు సీలు చేసిన డబ్బాలోనే ఉంటుంది. దానికి బెల్టూ లేదు, గ్రీజూ లేదు. సరైన వోల్టేజి, శుభ్రమైన కండెన్సరు, ఆపిన తర్వాత కనీసం మూడు నిమిషాల విశ్రాంతి, ఇవే దాని సంరక్షణ. కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో ఈ విశ్రాంతి ఇచ్చే టైమరును ఎవరూ తీసివేయరాదు.

5. చేయరాని పనులు

ఫ్యూజు పోతే లావు రాగి తీగ చుట్టరాదు. అది ఫ్యూజు కాదు, మోటారుకు ఉరితాడు.

రిలే పడితే ఒకసారి కారణం వెతకాలి. వెంటవెంటనే బటను నొక్కి మళ్ళీ మళ్ళీ నడపరాదు. స్టార్టు అయ్యే క్షణంలో మోటారు ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది.

రిలే అంకెను ఇష్టానుసారం పెంచరాదు. స్టార్-డెల్టా స్టార్టరులో రిలే చుట్టల దారిలో ఉంటే నేమ్‌ప్లేటు ఆంపియర్లలో 58 శాతానికి పెట్టాలి. 20 ఆంపియర్ల మోటారుకు అది 11.6. అక్కడ 20 అని పెడితే లైనులో సుమారు 34 ఆంపియర్లు దాటేదాకా రిలే కదలదు.

జనరేటరు కనెక్షన్లు మార్చిన తర్వాత ఫ్యాను తిరిగే దిక్కు చూడకుండా కంప్రెసరు నడపరాదు. స్క్రోల్ కంప్రెసరు వెనక్కు తిరిగితే మోత పెరుగుతుంది, పాలు చల్లబడవు.

మెయిను ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకుని, "పని జరుగుచున్నది" అన్న అట్ట తగిలించకుండా ఏ మోటారు మీదా చేయి వేయరాదు. పాలకన్నా మనిషి ముఖ్యం.

6. వేగం మార్చే డ్రైవులున్న చోట

పెద్ద కేంద్రాలలో, డెయిరీలలో పంపులకు, కంప్రెసర్లకు వి.ఎఫ్.డి. అనే డ్రైవులు వచ్చాయి. వీటికీ దుమ్ము, వేడి, తడి శత్రువులే. ఫిల్టరును నెలకొకసారి శుభ్రం చేయాలి. చల్లబరిచే ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూస్తూ ఉండాలి. మెయిను ఆపినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. మూత మీద రాసిన నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకనే తాకాలి. డ్రైవు తగిలించి ఉండగా మెగ్గరు పెట్టరాదు. పెడితే డ్రైవు పాడవుతుంది.

7. మోటారు పుస్తకం

పాలు పోసిన లెక్క లేకుండా మనం ఒక్క పూట గడపము. మోటారుకు కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉండవలెను. తేదీ, పూట, మూడు వోల్టేజులు, మూడు ఆంపియర్లు, పాల ఉష్ణోగ్రత, విశేషం, సంతకం, ఇంతే గడులు. పూటకు రెండు నిమిషాల పని. మొదటి పేజీలో ప్రతి మోటారు నేమ్‌ప్లేటు వివరాలు, కొన్న తేదీ, రివైండింగు తేదీలు, కాలిన కారణాలు రాసుకోవాలి.

ఒక్క రోజు అంకె పెద్దగా ఏమీ చెప్పదు. నెల రోజుల అంకెలు పక్కపక్కన ఉంటే 9 ఆంపియర్లు 10 అయి, 11 అవుతున్న సంగతి దానంతటదే కనపడుతుంది. అప్పుడు పిలిచిన ఎలక్ట్రీషియను బ్రష్షుతోనో బేరింగుతోనో పని ముగిస్తాడు. ఆలస్యంగా పిలిస్తే మోటారును భుజాన వేసుకుని పోతాడు.

వచ్చే పాలకవర్గ సమావేశంలో చర్చించవలసినవి

1. మన సంఘంలో ఎన్ని మోటార్లున్నాయి? గత మూడేళ్ళలో ఏది ఎన్నిసార్లు కాలింది? కారణం ఎక్కడైనా రాసి ఉన్నదా?
2. ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజింగు ప్రివెంటరు మనకు ఉన్నదా? దానిని ఎవరైనా పక్కకు తప్పించారా?
3. రిలే అంకె, నేమ్‌ప్లేటు అంకె సరిపోతున్నాయా?
4. మోటారు పుస్తకం రాయవలసినది ఎవరు? వారు రానినాడు ఎవరు?

నాలుగో ప్రశ్నకు పేర్లతో సహా తీర్మానం రాసుకున్న సంఘం ఈ పాఠాన్ని సగం నేర్చినట్లే. మిగిలిన సగం ఆ పుస్తకాన్ని నెలకోసారి తెరిచి చదవడంలో ఉంది.